ఒక్క అంకె మారితే ఆటే మారింది: 1925–26 ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్

హడర్స్‌ఫీల్డ్ టౌన్ అనే జట్టు 1924–25 సీజన్‌లో 42 లీగ్ మ్యాచ్‌లు ఆడి ఎదుటి జట్లకు 28 గోల్స్ మాత్రమే ఇచ్చింది. ఏ ఒక్క మ్యాచ్‌లోనూ రెండుకు మించి ఇవ్వలేదు. ఇంగ్లండ్ ఛాంపియన్ అయింది. మరుసటి ఏడాది అదే జట్టు 60 గోల్స్ ఇచ్చింది. రెట్టింపు కంటే ఎక్కువ. అయినా మళ్ళీ ఛాంపియన్ అయింది, అదీ రెండో స్థానంలో ఉన్న జట్టు కంటే ఐదు పాయింట్లు ఎక్కువ తెచ్చుకుని. డిఫెన్స్ అంతగా చిల్లులు పడిన జట్టు టైటిల్ ఎలా నిలబెట్టుకుంది?

ఈ రెండు సీజన్ల మధ్య, 1925 వేసవిలో, ఆఫ్‌సైడ్ నిబంధనలో ఒక్క అంకె మారింది. మూడు అని ఉన్నచోట రెండు అయింది. ఆ చిన్న మార్పు వల్ల అందరి గోల్ వలలూ చిరిగాయి. తక్కువగా చిరిగినవాడే గెలిచాడు. 1925–26 సీజన్ కథంతా ఇదే. కాకపోతే ఈ కథను సాధారణంగా ఆర్సెనల్ కథగా, ఆ జట్టు మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ కథగా చెబుతారు. అది సగం నిజం. మిగతా సగం కూడా తెలియాలంటే ముందు పాత నిబంధన ఎలా ఉండేదో, దాన్ని ఎందుకు మార్చాల్సి వచ్చిందో చూడాలి.

పాత ఆఫ్‌సైడ్, దానిలోని కిటుకు

ఇప్పుడు టీవీలో ఆఫ్‌సైడ్ అనగానే తెరమీద గీతలు గీసి, భుజం ముందుందా మోకాలు ముందుందా అని చూపిస్తున్నారు. 1925కు ముందు లెక్క వేరు. బంతిని ముందుకు అందించిన క్షణంలో, దాన్ని అందుకోవాల్సిన ఆటగాడికీ ఎదుటి జట్టు గోల్ లైన్‌కీ మధ్య కనీసం ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి. ఇద్దరే ఉంటే ఆఫ్‌సైడ్. 1907 నుంచి ఈ నిబంధన ఎదుటి జట్టు సగంలో మాత్రమే వర్తించేది. తన సగంలో నిలబడ్డవాడు ఆఫ్‌సైడ్ కాడు.

అప్పట్లో దాదాపు ప్రతి జట్టూ ఒకే అమరికలో ఆడేది. గోల్‌కీపర్, అతని ముందు ఇద్దరు ఫుల్ బ్యాక్‌లు, వాళ్ళ ముందు ముగ్గురు హాఫ్ బ్యాక్‌లు, అందరికంటే ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు. ఇప్పుడు ఆ ఇద్దరు ఫుల్ బ్యాక్‌ల మీదే దృష్టి పెట్టండి. ఒకడు వెనకే ఉంటాడు. రెండోవాడు బంతి వస్తుందనగా నాలుగడుగులు ముందుకేసి ఎదుటి ఫార్వర్డ్‌ను దాటి నిలబడతాడు. ఫార్వర్డ్ వెనక ఇప్పుడు మిగిలింది గోల్‌కీపర్, ఒక ఫుల్ బ్యాక్. ఇద్దరే. లైన్స్‌మన్ జెండా లేచింది, రిఫరీ విజిల్ ఊదాడు, దాడి ఆగిపోయింది.

ఒకవేళ ముందుకు కదలడం అర సెకను ఆలస్యమైందనుకోండి, ఫార్వర్డ్ తప్పించుకున్నాడనుకోండి. అప్పుడు కూడా కొంప మునగదు. వెనక రెండో ఫుల్ బ్యాక్ కాపలాగా ఉండనే ఉన్నాడు. అంటే ఈ వలను ఎన్నిసార్లయినా వేయొచ్చు, పారకపోయినా నష్టం పెద్దగా ఉండదు. ఆట చెడింది ఇక్కడే. లాభం పెద్దది, రిస్క్ చిన్నది అయినప్పుడు ఏ జట్టు మాత్రం ఎందుకు ఊరుకుంటుంది?

ఈ విద్యలో ఆరితేరినవాడిగా పేరు మోసింది న్యూకాసిల్ యునైటెడ్ ఫుల్ బ్యాక్ బిల్ మెక్‌క్రాకెన్. బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చి 1904 నుంచి దాదాపు ఇరవై ఏళ్ళు అక్కడే ఆడాడు. ఎదుటి జట్టు ఊళ్ళల్లో జనం అతన్ని తిట్టని మ్యాచ్ ఉండేది కాదట. న్యూకాసిల్ స్టేషన్‌లో రైలు దిగుతున్న ఒక జట్టుకు గార్డు విజిల్ వినిపించగానే, అప్పుడే ఆఫ్‌సైడ్ ఇచ్చేశారా అని ఒక ఆటగాడు అన్నాడని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. నాట్స్ కౌంటీ ఫుల్ బ్యాక్‌లు మోర్లీ, మాంట్‌గొమరీ జంట ఈ పని ఇంకా ముందే మొదలుపెట్టిందంటారు. ఎవరు మొదలుపెట్టినా, 1920ల మొదటికల్లా అందరూ నేర్చేసుకున్నారు. ఇరవై మంది ఆటగాళ్ళు మైదానం మధ్యలో ఇరుకు పట్టీలో కూడి తోసుకోవడం, ప్రతి రెండు మూడు నిమిషాలకూ విజిల్ మోగడం మామూలైపోయింది.

1924–25లో లీగ్‌లో అన్నిటికంటే పై అంచె అయిన ఫస్ట్ డివిజన్ మొత్తం 462 మ్యాచ్‌లలో పడ్డ గోల్స్ 1,192. మ్యాచ్‌కు సగటున 2.58. ఇప్పటి కళ్ళతో చూస్తే అదేమంత తక్కువ కాదనిపిస్తుంది. అప్పటివాళ్ళకు అది కరువు. ఆ ఫిబ్రవరిలో న్యూకాసిల్, బరీ మీద ఆడిన మ్యాచ్ 0–0గా ముగిసింది. ఆ సీజన్‌లో న్యూకాసిల్‌కు అది ఆరో గోల్ లేని డ్రా. మెక్‌క్రాకెన్ అప్పటికి రెండేళ్ళ క్రితమే జట్టు వదిలి హల్ సిటీకి మేనేజర్‌గా వెళ్ళిపోయాడు, అయినా అతను నేర్పిన విద్య జట్టులో మిగిలే ఉంది.

క్లబ్బులకు ఇది అందచందాల సమస్య కాదు, పొట్టకూటి సమస్య. టీవీ డబ్బు లేని కాలం. శనివారం మధ్యాహ్నం గేటు దగ్గర షిల్లింగు ఇచ్చి లోపలికొచ్చే కార్మికుడే ఆదాయం. అతను వారమంతా పనిచేసి వచ్చి విజిళ్ళు వింటూ ఎంతకాలం నిలబడతాడు?

రెండు మందులు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ముందు రెండు ఆలోచనలు ఉన్నాయి. మొదటిది, గోల్ లైన్ నుంచి 40 గజాల దూరంలో మైదానానికి అడ్డంగా ఒక గీత గీసి, ఆ గీత దాటాకే ఆఫ్‌సైడ్ వర్తిస్తుందని చెప్పడం. రెండోది, ముగ్గురు అన్నచోట ఇద్దరు అని మార్చడం. రెండూ ప్రయోగం చేసి చూశారు. చివరికి స్కాట్లండ్ సంఘం ప్రతిపాదన మీద రెండోదే నెగ్గింది. 1925 జూన్‌లో అంతర్జాతీయ నిబంధనల బోర్డు దాన్ని ఆమోదించింది.

నా ఉద్దేశంలో వాళ్ళు ఎంచుకున్నదే సరైన మందు. 40 గజాల గీత పెడితే వల వేసే చోటు మారేది తప్ప వల పోయేది కాదు. రెండో మార్పు నేరుగా వలలోని సుఖాన్ని దెబ్బకొట్టింది. కొత్త నిబంధనలో గోల్‌కీపర్‌తో పాటు ఒక్క ఫుల్ బ్యాక్ వెనక ఉన్నా చాలు, ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్ కాడు. అతన్ని వలలో వేయాలంటే ఫుల్ బ్యాక్‌లు ఇద్దరూ కలిసి ముందుకు కదలాలి. కదిలి ఒక్క క్షణం తడబడితే వెనక ఎవరూ ఉండరు, గోల్‌కీపర్ ఒంటరి. ఇంతకుముందు ఉచితంగా దొరికిన వలకు ఇప్పుడు ప్రాణం పందెం పెట్టాలి.

జూన్‌లో నిర్ణయం, ఆగస్టు చివర్లో సీజన్. ఆలోచించుకోడానికి క్లబ్బులకు దొరికింది ఆ కొన్ని వారాలే. పైగా వేసవిలో ఆటగాళ్ళకు సెలవు. కాబట్టి చాలా జట్లు పాత అమరికతోనే కొత్త నిబంధనలోకి దిగాయి.

గోల్స్ వరద

1925 ఆగస్టు 29, మొదటి రోజు. ఆస్టన్ విలా 10, బర్న్‌లీ 0. విలా సెంటర్ ఫార్వర్డ్ లెన్ కేప్‌వెల్ ఒక్కడే ఐదు కొట్టాడు. ముందురోజు దాకా ఇద్దరు ఫుల్ బ్యాక్‌లే చాలనుకున్న జట్లకు ఆ ఇద్దరి మధ్య ఎంత ఖాళీ ఉందో అప్పుడు తెలిసింది. 1926 కొత్త సంవత్సరం రోజున షెఫీల్డ్ యునైటెడ్ 11–2తో కార్డిఫ్ సిటీని చిత్తు చేసింది. అదే కార్డిఫ్ రెండేళ్ళ క్రితం టైటిల్‌ను వెంట్రుకవాసిలో పోగొట్టుకున్న జట్టు. జనవరిలో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ సిటీ 6–1తో యునైటెడ్‌ను ఓడించింది.

సీజన్ ముగిసేసరికి ఫస్ట్ డివిజన్‌లో గోల్స్ 1,703. సగటు 3.69. నాలుగు డివిజన్లూ కలిపి చూస్తే, 88 జట్ల లీగ్‌లో ముందు ఏడాది 4,700 గోల్స్, ఈ ఏడాది 6,373. మ్యాచ్‌ల సంఖ్య మారలేదు, జట్ల సంఖ్య మారలేదు, బంతి మారలేదు. ఒక్క అంకె మారింది.

బ్లాక్‌బర్న్ రోవర్స్ ఫార్వర్డ్ టెడ్ హార్పర్ 43 గోల్స్ కొట్టి ఫస్ట్ డివిజన్ రికార్డు బద్దలుకొట్టాడు. అంతకుముందు రికార్డు బోల్టన్ ఆటగాడు జో స్మిత్ 1920–21లో చేసిన 38. హార్పర్ రికార్డు తర్వాతి ఏడాది మిడిల్స్‌బ్రోకు చెందిన జార్జ్ క్యామ్‌సెల్ రెండో డివిజన్‌లో 59, ఆపై ఏడాది ఎవర్టన్ కుర్రాడు డిక్సీ డీన్ ఫస్ట్ డివిజన్‌లో 60. ఆ 60ని ఈనాటికీ ఎవరూ అందుకోలేదు. డీన్ తలతో కొట్టే దెబ్బ గొప్పదే, కాదనను. కానీ ఆ రెండు మూడేళ్ళు సెంటర్ ఫార్వర్డ్ ముందు తెరుచుకున్న మైదానం ఇంకే తరానికీ దొరకలేదన్న సంగతి కూడా చెప్పుకోవాలి.

అక్టోబర్ 3, న్యూకాసిల్

ఇక ఆర్సెనల్ సంగతి. హడర్స్‌ఫీల్డ్‌ను వరసగా రెండుసార్లు ఛాంపియన్‌ను చేసిన చాప్‌మన్, 1925 వేసవిలో ఆ జట్టును వదిలి లండన్ వచ్చాడు. ఆర్సెనల్ అప్పటికి ఒక్క పెద్ద ట్రోఫీ కూడా గెలవని జట్టు, ముందు సీజన్‌లో కింది డివిజన్‌కు జారిపోవడం తృటిలో తప్పించుకున్న జట్టు. వచ్చీరాగానే చాప్‌మన్ చేసిన పని సండర్లండ్ నుంచి ఫార్వర్డ్ చార్లీ బుకన్‌ను తేవడం.

ఆ బేరం ముచ్చట చెప్పుకోదగ్గది. సండర్లండ్ మేనేజర్ బాబ్ కైల్ 4,000 పౌండ్లు అడిగాడు. బుకన్‌కు అప్పటికే 33 ఏళ్ళు, ఆ వయసువాడికి అంతెందుకని ఆర్సెనల్ వెనకాడింది. ఇతను మొదటి ఏడాదే 20 గోల్స్ కొడతాడని కైల్ ధీమాగా చెప్పాడు. సరే అయితే, 2,000 ఇప్పుడు తీసుకోండి, మొదటి సీజన్‌లో కొట్టే ప్రతి గోల్‌కీ 100 ఇస్తాం అన్నారు. బుకన్ లీగ్‌లో 19, ఎఫ్.ఎ. కప్ అనే నాకౌట్ పోటీలో 2 కొట్టాడు. సండర్లండ్‌కు ముట్టింది 4,100 పౌండ్లు. అడిగిన దానికంటే వంద ఎక్కువే. ఇంత జరిగినా ఆటగాడికి చట్టప్రకారం దక్కేది మాత్రం సీజన్‌లో వారానికి గరిష్ఠంగా 8 పౌండ్లు, వేసవిలో 6. బుకన్‌ను రప్పించడానికి లోపాయికారీగా ఇచ్చిన డబ్బు వ్యవహారం 1927లో బయటపడి, ఆర్సెనల్ యజమాని సర్ హెన్రీ నోరిస్ నిషేధానికి గురైన కారణాల్లో ఒకటైంది.

ఆర్సెనల్ మొదటి మ్యాచ్‌లోనే సొంత గడ్డ మీద టాటెన్‌హామ్ చేతిలో 0–1తో ఓడింది. బుకన్ మొదటినుంచీ ఒకటే మాట చెబుతున్నాడు. కొత్త నిబంధనలో ఇద్దరు ఫుల్ బ్యాక్‌లు చాలరు, హాఫ్ బ్యాక్‌ల మధ్యనున్న సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి ఎదుటి సెంటర్ ఫార్వర్డ్ మీద కాపలా పెట్టాలి అని. చాప్‌మన్ వెంటనే ఒప్పుకోలేదు. ఎందుకంటే అప్పటి సెంటర్ హాఫ్ అంటే జట్టుకు మెదడు లాంటివాడు. వెనక్కి వచ్చి అడ్డుకుంటాడు, బంతి తీసుకుని ముందుకు నడిపిస్తాడు, అవసరమైతే గోల్ కొడతాడు. అలాంటివాడిని తెచ్చి డిఫెన్స్‌లో గుంజకు కట్టేస్తే దాడి నడిపేదెవరు?

అక్టోబర్ 3న న్యూకాసిల్‌లో ఆర్సెనల్ 0–7తో ఓడింది. బుకన్ కళ్ళముందే ఎదుటి జట్టు సెంటర్ హాఫ్ చార్లీ స్పెన్సర్ తన గోల్‌కు దగ్గరగా, వెనకే నిలబడి ఆడాడు. ఆ రోజు సాయంత్రం హోటల్లో జట్టంతా కూర్చుంది. బుకన్ తాను అంతవరకు ఆడిన ఈశాన్యంలోనే ఆగిపోతానని, ఈ జట్టుతో లండన్ రానని మొరాయించినంత పని చేశాడట. చాప్‌మన్ ఈసారి విన్నాడు. సెంటర్ హాఫ్ జాక్ బట్లర్‌ను ఇద్దరు ఫుల్ బ్యాక్‌ల మధ్యకు దించాలని నిర్ణయం జరిగింది.

మరి మధ్యలో ఏర్పడిన ఖాళీ? ఐదుగురు ఫార్వర్డ్‌లలో ఒకణ్ణి వెనక్కి తేవాలి. ఆ పని తనకే ఇస్తారని బుకన్ అనుకున్నాడు. గోల్స్ కొట్టేవాడిని వెనక్కి పంపనని చాప్‌మన్ పట్టుబట్టాడు. అయితే ఆండీ నీల్‌ను తీసుకోండని బుకన్ సూచించాడు. నీల్ అప్పటికి మూడో జట్టులో ఆడుతున్న స్కాట్లండ్ ఆటగాడు. పరుగు బొత్తిగా తక్కువ. కానీ బంతి కాలి కిందికొస్తే తల ఎత్తి చూసి, ఎవరికి ఇవ్వాలో తేల్చుకుని మరీ ఇచ్చే ఓపిక ఉంది. ఈ కొత్త స్థానానికి కావలసింది అదే. వేగంగా పరుగెత్తేవాళ్ళు ముందున్నారు, వాళ్ళకు బంతి చేర్చేవాడు కావాలి.

రెండు రోజుల తర్వాత, సోమవారం నాడు, లండన్‌లో వెస్ట్ హామ్ మీద ఆర్సెనల్ 4–0తో గెలిచింది. బుకన్ రెండు కొట్టాడు.

ఎవరి ఘనత?

ఇక్కడ తాపీగా ఆలోచించాలి. ఈ రెండు రోజుల కథ ఎంత చక్కగా కుదిరిందంటే, మూడో బ్యాక్‌ను, అంటే ఫుల్ బ్యాక్‌ల మధ్యకు దిగిన సెంటర్ హాఫ్‌ను, ఆర్సెనల్ ఒక్క రాత్రిలో కనిపెట్టిందని జనం నమ్మేశారు. కథలోనే దానికి జవాబు ఉంది. బుకన్‌కు ఆ ఓటమి నాడు కళ్ళకు కట్టినట్టు చూపించింది న్యూకాసిల్ సెంటర్ హాఫ్ స్పెన్సర్. అంటే ఆర్సెనల్ కంటే ముందే మరో జట్టు అదే దారి పట్టింది. హడర్స్‌ఫీల్డ్‌లో టామ్ విల్సన్ కూడా వెనక నిలబడి అడ్డుకోవడంలో పేరున్న సెంటర్ హాఫ్. మైదానంలో ఒకే సమస్య ఇరవై రెండు జట్లకు ఒకేసారి ఎదురైంది. దానికి సహజంగా తోచే జవాబు ఒకటే, ఆ ఖాళీని మనిషితో నింపడం. అది చాలామందికి తోచింది.

చాప్‌మన్ ఘనత వేరేచోట ఉంది. మిగతావాళ్ళు కన్నం పూడ్చడానికి ఒక మనిషిని దింపితే, అతను ఆ మనిషి చుట్టూ మిగతా పదిమంది పనులనూ కొత్తగా పంచాడు. ఫుల్ బ్యాక్‌లను రెక్కల వైపు జరిపి వింగర్ల మీద కాపలా పెట్టాడు. ఫార్వర్డ్‌లలో ఇద్దరిని వెనక్కి తెచ్చాడు. ముగ్గురు వెనక, ఇద్దరు వాళ్ళ ముందు, ఇంకో ఇద్దరు వాళ్ళకు ముందు, ముగ్గురు చివర. ఇది ఒక్క సీజన్‌లో అయిన పని కాదు. బట్లర్ స్వభావం దాడి చేసేది, ఆ కాపలా పనికి పూర్తిగా ఒదగలేదు. 1926 డిసెంబర్‌లో ఆస్వెస్ట్రీ అనే చిన్న క్లబ్ నుంచి 200 పౌండ్లకు తెచ్చిన హెర్బీ రాబర్ట్స్ కొన్నాళ్ళకు అందులో కుదురుకున్నాడు. ఫార్వర్డ్ డేవిడ్ జాక్ 1928లో 10,890 పౌండ్లకు వచ్చాడు, ఇంగ్లండ్‌లో పదివేలు దాటిన మొదటి బదిలీ అది. నీల్ చేసిన పనిని ఎన్నో రెట్లు బాగా చేయగల అలెక్స్ జేమ్స్ 1929లో వచ్చాడు. ఆర్సెనల్ మొదటి లీగ్ టైటిల్ 1930–31లో, 127 గోల్స్‌తో. అంటే ఆ హోటల్ మీటింగ్‌కీ టైటిల్‌కీ మధ్య ఐదేళ్ళ పైచిలుకు దూరం ఉంది.

మూడో బ్యాక్ రాకతో గోల్స్ ఆగిపోయాయని ఇంకో మాట వినిపిస్తుంది. అదీ నిజం కాదు. 1930లలో కూడా ఫస్ట్ డివిజన్ సగటు మూడు గోల్స్ దాటే నడిచింది. పోయింది గోల్స్ కాదు, పాత సెంటర్ హాఫ్. దాడినీ రక్షణనూ ఒకే మనిషి నడిపే ఆ అందమైన స్థానం ఇంగ్లండ్‌లో అంతరించింది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాధ కలిగించేది అదొక్కటే.

మునిగినవాళ్ళు

పట్టిక అడుగున ఏం జరిగిందో చూస్తే ఈ నిబంధన ఎవరి మీద ఎలా పడిందో ఇంకా బాగా అర్థమవుతుంది. నాట్స్ కౌంటీనే తీసుకోండి. వల వేయడంలో మొదటి పాఠాలు చెప్పిన క్లబ్. 1924–25లో 42 గోల్స్ మాత్రమే కొట్టి, 31 మాత్రమే ఇచ్చి తొమ్మిదో స్థానంలో నిలిచింది. పాత నిబంధన నీడలో చల్లగా బతికిన జట్టు అది. నీడ పోగానే 74 ఇచ్చింది, 54 కొట్టింది, చిట్టచివర నిలిచింది. ఆరడుగుల ఐదంగుళాల ఎత్తుతో దేశమంతా తెలిసిన దాని గోల్‌కీపర్ ఆల్బర్ట్ ఐర్‌మాంగర్‌కు అప్పటికి నలభై దాటాయి. ఆ క్లబ్‌లో అదే అతని ఆఖరి సీజన్.

మాంచెస్టర్ సిటీది ఇంకో రకం విషాదం. 89 గోల్స్ కొట్టింది. ఛాంపియన్ హడర్స్‌ఫీల్డ్ కొట్టింది 92, రెండో స్థానంలోని ఆర్సెనల్ 87. అంటే దాడిలో సిటీ ఎవరికీ తీసిపోదు. పొరుగు జట్టును ఆరు గోల్స్‌తో ఓడించింది, కప్ పోటీలో క్రిస్టల్ ప్యాలెస్ మీద 11–4తో గెలిచింది, ఏకంగా కప్ ఫైనల్‌కు చేరింది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఇచ్చింది సరిగ్గా 100. ఏప్రిల్ 24న వెంబ్లీ ఫైనల్లో బోల్టన్ మీద 0–1తో ఓడింది, ఆ గోల్ కొట్టింది తర్వాత ఆర్సెనల్‌కు వెళ్ళిన డేవిడ్ జాకే.

వారం తర్వాత లీగ్ ఆఖరి మ్యాచ్, న్యూకాసిల్‌లో. కింది డివిజన్‌కు పడిపోకుండా ఉండాలంటే డ్రా చేసుకున్నా చాలు. సిటీకి ఒక పెనాల్టీ దొరికింది. బిల్లీ ఆస్టిన్ దాన్ని వృథా చేశాడు. 2–3తో ఓడి, 35 పాయింట్లతో ఆగిపోయింది. 36 పాయింట్ల మీద ఉన్న లీడ్స్, బర్న్‌లీ బతికిపోయాయి.

ఆ పెనాల్టీ గోల్ అయి మ్యాచ్ 3–3తో ముగిసి ఉంటే ఏమయ్యేదో లెక్క వేసి చూడొచ్చు. అప్పట్లో గెలుపుకు రెండు పాయింట్లు, డ్రాకు ఒకటి. పాయింట్లు సమానమైతే కొట్టిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగించి, ఎక్కువ వచ్చిన జట్టును పైన పెట్టేవారు. సిటీది 90 బై 100, అంటే 0.90. లీడ్స్‌ది 64 బై 76, దాదాపు 0.84. బర్న్‌లీది 85 బై 108, దాదాపు 0.79. మునగాల్సింది బర్న్‌లీ. మొదటి రోజున పది గోల్స్ తిన్న జట్టు, సీజన్ మొత్తంలో 108 ఇచ్చిన జట్టు, ఒక్క పెనాల్టీ పుణ్యాన ఒడ్డున పడింది. ఒకే సీజన్‌లో కప్ ఫైనల్ ఆడి, కింది డివిజన్‌కు కూడా పడిపోయిన మొదటి జట్టుగా మాంచెస్టర్ సిటీ మిగిలింది.

అసలు విజేత

ఇప్పుడు మళ్ళీ హడర్స్‌ఫీల్డ్. యార్క్‌షైర్‌లో ఉన్ని మిల్లుల ఊరు. ఫుట్‌బాల్ కంటే రగ్బీ మీద మోజు ఎక్కువ. 1919లో జనం రాక, డబ్బు లేక, క్లబ్‌ను ఎత్తుకెళ్ళి లీడ్స్‌లో పెట్టే ప్రయత్నం దాదాపు జరిగిపోయింది. ఊరివాళ్ళు చందాలు పోగుచేసి ఆపుకున్నారు. ఆ తర్వాత ఐదేళ్ళకే, 1923–24లో, చాప్‌మన్ చేతిలో ఆ జట్టు లీగ్ గెలిచింది. ఎంత తేడాతో అంటే, కార్డిఫ్‌తో పాయింట్లు సమానం. హడర్స్‌ఫీల్డ్‌ది 60 బై 33, కార్డిఫ్‌ది 61 బై 34. తేడా 0.024 మాత్రమే. కార్డిఫ్ ఆఖరి మ్యాచ్‌లో పెనాల్టీ పోగొట్టుకుంది. ఆ రోజుల్లో పెనాల్టీలకు ఎన్ని ఊళ్ళ తలరాతలు వేలాడాయో చూడండి.

1925లో చాప్‌మన్ వెళ్ళిపోయాక డెర్బీ కౌంటీ నుంచి సెసిల్ పాటర్ మేనేజర్‌గా వచ్చాడు. అతని పరిస్థితి ఊహించుకుంటే జాలేస్తుంది. దేశంలోకెల్లా గొప్ప మేనేజర్ ఖాళీ చేసిన కుర్చీ. అప్పటిదాకా ఏ జట్టూ సాధించని వరస మూడో టైటిల్ మీద ఊరంతా పెట్టుకున్న ఆశ. పైనుంచి అదే వేసవిలో ఆట పునాది మారిపోవడం. గెలిస్తే పాత మేనేజర్ కట్టిన జట్టు కాబట్టి గెలిచింది అంటారు, ఓడితే ఇతని వల్లే అంటారు.

గెలిచింది. 42 మ్యాచ్‌లలో 23 గెలుపులు, 11 డ్రాలు, 57 పాయింట్లు. ఆర్సెనల్‌కు 52, మూడో స్థానంలోని సండర్లండ్‌కు 48. సండర్లండ్ 96 గోల్స్ కొట్టింది, షెఫీల్డ్ యునైటెడ్ ఏకంగా 102 కొట్టి ఐదో స్థానంలో ఆగింది. కొట్టడంలో హడర్స్‌ఫీల్డ్ మొదటిది కాదు. ఇవ్వడంలోనే తేడా. దాని 60 గోల్స్‌ను ముందు ఏడాది 28 పక్కన పెడితే ఘోరంగా కనిపిస్తాయి. అదే ఏడాది సండర్లండ్ ఇచ్చిన 80 పక్కన, సిటీ ఇచ్చిన 100 పక్కన పెట్టి చూడాలి. మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఆ పట్టికలోనే ఉంది. మ్యాచ్‌కు సగటున మూడున్నరకు పైగా గోల్స్ పడుతున్న లీగ్‌లో ఒకటిన్నర లోపే ఇచ్చిన జట్టు అది.

దాడి వైపు కూడా ఈ జట్టు నిద్రపోలేదు. ముందు ఏడాది 69 గోల్స్ కొట్టింది, ఈసారి 92. వాటిలో 35 జార్జ్ బ్రౌన్‌వి. కొత్తగా దొరికిన ఖాళీని పరుగుతో వాడుకోగల అలెక్స్ జాక్సన్‌ను అదే వేసవిలో అబర్డీన్ నుంచి 5,000 పౌండ్లకు తెచ్చుకుంది. మధ్యలో కెప్టెన్ క్లెమ్ స్టీఫెన్‌సన్ ఉన్నాడు. పరుగు తగ్గినా బంతిని ఎక్కడ వేయాలో తెలిసినవాడు. ఆర్సెనల్ నీల్ రూపంలో వెతుక్కున్న పని, హడర్స్‌ఫీల్డ్‌లో స్టీఫెన్‌సన్ ఏళ్ళ తరబడి చేస్తూనే ఉన్నాడు. చాప్‌మన్ లండన్‌లో కట్టబోయే జట్టుకు నమూనా ఎక్కడిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

వరసగా మూడుసార్లు ఇంగ్లండ్ లీగ్ గెలిచిన మొదటి జట్టు హడర్స్‌ఫీల్డ్. తర్వాతి రెండు సీజన్లలోనూ రెండో స్థానంలో నిలిచింది, 1926–27లో న్యూకాసిల్ వెనక, 1927–28లో ఎవర్టన్ వెనక. మళ్ళీ ఇంతవరకు లీగ్ గెలవలేదు. పాటర్ ఆ మూడో టైటిల్ తెచ్చిన 1926 వేసవిలోనే తప్పుకుని, తర్వాత నార్విచ్ సిటీకి వెళ్ళాడు. ఆర్సెనల్ 1933 నుంచి 1935 వరకు మూడుసార్లు వరసగా గెలిచి ఆ రికార్డును సమం చేసింది. చాప్‌మన్ 1934 జనవరి 6న, ఆ మూడింటి మధ్యలోనే చనిపోయాడు. ఆర్సెనల్ అతనికి విగ్రహం పెట్టింది, అందుకు అతను తగినవాడే. కానీ 1925–26 గురించి మాట్లాడేటప్పుడు మొదట రావలసిన మేనేజర్ పేరు సెసిల్ పాటర్.